పట్టికకెక్కని పేరు

ఒంటిమిట్ట కోదండరామస్వామిని దర్శింప వచ్చిన క్రొత్తవారు గర్భాలయము ముందు నిలిచి, మూర్తులను కన్నులార చూచి, పిదప ఒక ప్రశ్న వేయుట మేము పలుమాఱులు విన్నాము: "హనుమంతుడేడీ?" ఇచట ఒక్క శిలయందే సీతారామలక్ష్మణులు మువ్వురును వెలసియున్నారు. ఆంజనేయుడు మాత్రము ఆ శిలలో లేడు. ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు అర్చకులు రానక్కఱలేదు. టెంకాయలమ్ము పిల్లవాడైనను చెప్పును: "రాముడు ఆంజనేయుణ్ణి కలవకముందే ఈడికి వచ్చినాడు సామీ." ఇది చరిత్రయా, పురాణమా, ఊరివారి భక్తియా యను విచారణ మాకిప్పుడు వలదు. మేము గమనింప గోరునది యొక్కటే. అచట లేనివాడు లేడని యందఱెఱుగుదురు. ఏల లేడో యందఱు చెప్పగలరు. కారణము తెలిసిన లేమి లోపము గాదు. అదియు నొక లెక్కయే.

కారణము లేని లేమి వేఱు. ఒకరు ఉండియు లేనివారగుట, అట్లయినట్లు ఎవరికిని తెలియకపోవుట, తెలిసిన పిదప ఏల అయినదని అడిగినచో ఎవరును చెప్పలేకపోవుట, ఇది వేఱు. మా చేతులతో మేమే చేసిన యిట్టి తప్పొకటి చదువరుల ముందుంచుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా వీథిలో పదుగురు స్త్రీలు కూడి నడపుకొను పొదుపు సంఘమొకటి కలదు. నెలకొకమాఱు కూడుదురు, తలకింతయని సొమ్ము వేయుదురు, అవసరమైనవారు అప్పు తీసికొని వడ్డితో కట్టుదురు. లెక్క వ్రాయునది ఒక పెద్దమ్మ. బాల్యమున ఆమె బడి మొగమెఱుగదు. నడివయస్సున రాత్రిబడిలో పలక పట్టి తెలుగు నేర్చినది. ఆమె వ్రాత వంకరయే గాని, ఆమె కూడిక తప్పదు. మా మేనకోడలు కడపలో కంప్యూటరు చదువు ముగించి మా యింటనున్న దినములలో ఆ పుస్తకమును చూచి, "మామా, జేజి లెక్కలు కంప్యూటరులో పెడితే ఆమెకు వడ్డీల బాధ తప్పుతుంది గదా" యనెను. అని యూరకుండలేదు. ఎవరైనను వాడుకొని మార్చుకొనదగిన స్వేచ్ఛా ప్రోగ్రామునొకదానిని ఆధారముగ గొని, మన సంఘములకు తగినట్లు దానిని చాలవఱకు తిరిగి వ్రాసెను. తెఱమీది మాటలు ఇంగ్లీషున నుండెను. వానిని తెలుగు చేయు పనియు, ప్రోగ్రామును కూర్చుటకు వలసిన పట్టికలను చూచుకొను పనియు మేము మీద వేసికొంటిమి. మేమును కొంతకాలము ఆ వృత్తిలో నుండినవారమే; కావున ఆ పని మాకు తెలియునని గట్టి నమ్మకము. ఈ నమ్మకమే తరువాత మమ్ము నగుబాటు పాలు చేసినది.

ఈ పని యెట్టిదో ఎఱుగని చదువరుల కొఱకు కొంత చెప్పవలయును. ప్రోగ్రామనగా ఒక్క కాగితము కాదు. మనుష్యుడు చదువదగిన భాషలో వ్రాసిన ఫైళ్లు పదియో, నూఱో, వేలో యుండును. వీనికి మూలములని పేరు. కంపైలరను సాధనము ఒక్కొక్క మూలమును యంత్రమునకు తెలియు రూపమునకు మార్చును. పిదప లింకరను వేఱొక సాధనము ఆ ముక్కలన్నిటిని కలిపి యొక్కటి చేయును. అచ్చాఫీసులో ఫారములను వేర్వేఱుగ నచ్చొత్తి, తుదకు దారముతో కుట్టి పుస్తకము చేయుట వంటిదే యిది. ఏ ఫారములను కుట్టవలయునో, ఏది దేనిపై నాధారపడియున్నదో, ఒకటి మాఱినచో దేనిని మరల చేయవలయునో తెలుపు పట్టిక యొకటి యుండవలెను. ఆ పట్టికకు మేక్‌ఫైలని పేరు. దానిని చదివి పని నడపు సాధనమునకు మేక్ అని పేరు.

మూలమును దిద్దినంత మాత్రమున ప్రతి దిద్దబడదు. ఈ సంగతి మా కడప ప్రాంతమువారికి క్రొత్త గాదు. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొర కడపలోని తన బంగళాయందు పండితులను నిలిపి, పలుచోట్ల నుండి తెప్పించిన వ్రాతప్రతులను సరిపోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక పాఠమును దిద్దిన పిదప శుద్ధప్రతిని తిరిగి వ్రాయనిచో ఆ దిద్దుబాటు పండితుని నోటనే నిలిచిపోవును గదా. 1976వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు సరిగా నిట్టిదే జరిగినది. స్టీవ్ జాన్సన్ అను నాయన ఒక ప్రోగ్రాములోని తప్పును వెదకుచు ఒక ఉదయమంతయు వ్యర్థపుచ్చెను. తప్పు అంతకు మునుపే దిద్దబడియుండెను. దిద్దిన ఫైలును మరల కంపైలు చేయుట మాత్రము జరుగలేదు. ఆయన విధిని తిట్టుకొనుచు తన సహోద్యోగి స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోనికి వచ్చి మొఱపెట్టుకొనగా, ఆ మొఱనుండి పుట్టినదే మేక్ సాధనము. ఇప్పటికిని లోకమంతట వాడుకలో నున్న ఆ సాధనమునకుగాను ఫెల్డ్‌మన్‌కు 2003వ సంవత్సరపు ఏసీఎం సంఘమువారి పురస్కారము లభించినది.

మా కార్యమునకు మేక్‌ఫైలు గాక యింకను రెండు పట్టికలుండెను. తెఱమీది మాటలను వేఱు భాషలలోనికి మార్చుటకు గెట్‌టెక్స్ట్ అను సాధనమును వాడితిమి. ఏయే మూలములలో అనువదింపదగిన మాటలున్నవో దానికి తెలుపు పట్టిక యొకటి. దానిని పాట్‌ఫైల్స్ అందురు. ఏయే భాషల అనువాదములను ప్రోగ్రామునందు చేర్చవలయునో తెలుపు పట్టిక వేఱొకటి. దానిని లింగ్వాస్ అందురు. ఈ రెండవదానిలో భాషకు రెండేసి ఇంగ్లీషు అక్షరములు గుర్తు. తెలుగునకు 'టీ, ఈ' యను రెండక్షరములు.

నాలుగువందల పైచిలుకు మాటలను మూడు వారములు కూర్చుండి తెలుగు చేసితిమి. మొదట 'ఋణశేషము' అని వ్రాసిన చోట పెద్దమ్మ మా వంక చూచి, "బాకీ అంటే పోలేదా నాయనా?" యనెను. సిగ్గుపడి దిద్దుకొంటిమి. జమ, ఖర్చు, అసలు, వడ్డి, నిలువ, బాకీ: వాడుకలోని మాటలన్నియు యథాస్థానములకు వచ్చెను. ప్రోగ్రామును కూర్చితిమి. ఏ తప్పును పలుకక కూర్పు ముగిసెను. తెఱ తెఱచి చూతుము గదా, అంతయు ఇంగ్లీషే!

మూడు దినములు వెదకితిమి. అక్షరముల దోషమేమో యని చూచితిమి. తెలుగు లిపికి యూనికోడులో 1991 నుండియు స్థానము కలదు. మా యంత్రమున నున్నది తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు రూపొందించిన 'పోతన 2000' అక్షరములు. బమ్మెరవారును మా ఊరివారును మావాడన్న మావాడని చెప్పుకొను కవి పేరిటివి. వానియందు దోషమేమియు కానరాలేదు. అనువాదపు ఫైలును మాటమాటకు సరిచూచితిమి. అదియు సరిగానే యున్నది. ఇంతలో మా వీథి కుఱ్ఱవాడొకడు చూచి, "కంప్యూటరు ఇంగ్లీషుదే జేజీ, తెలుగులో ఇవి రావు" అని తీర్పు చెప్పెను. పెద్దమ్మ తన కాగితపు పుస్తకమును చంకన బెట్టుకొని, "నాకు చదువు రాకపాయె. నాకెందుకులే ఇవన్నీ" యని లేచిపోయెను.

చదువరులారా, ఈ మాటను మేము మఱువజాలము. తప్పు మాది. నింద మొదట తెలుగు మీద పడెను. పిదప ఆ తల్లి చదువు మీద పడెను. ఆమె దానిని నోరు మెదపక తన నెత్తిని బెట్టుకొనెను.

మూడవనాటి రాత్రి మా మేనకోడలు లింగ్వాస్ పట్టికను తెఱచి వ్రేలు పెట్టి చదివెను. తమిళము కలదు. దాని వెంటనే థాయి కలదు. నడుమ తెలుగు లేదు! అనువాదపు ఫైలు ఫోల్డరులో కూర్చుండియే యున్నది; పట్టికలో దాని గుర్తు లేనందున కూర్పు సాధనము దానివంక కన్నెత్తియైన చూడలేదు. ఆమె రెండక్షరములు చేర్చి మరల కూర్చెను. తెఱ నిండ తెలుగు విచ్చుకొనెను. "ఇంతేనా మామా! ఇంతదానికా మూడు దినాలు?" అని ఆమె నవ్వెను. మేమును నవ్వితిమి. నవ్వితిమే కాని, నేర్వలేదు.

నెల గడచెను. పెద్దమ్మ తిరిగి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుండ నేర్చెను. తప్పు పద్దులను కొట్టివేయుటకు ఉపాయము లేదని ఆమె చెప్పగా, మా మేనకోడలు అందులకై క్రొత్త ఫైలొకటి వ్రాసెను. వ్రాసి, "మామా, కొత్త ఫైలు పెట్టినాను. పట్టికలు ఒకతూరి చూసుకో" అని మాకు చెప్పెను. మేము పత్రిక నుండి తల యెత్తకయే, "ఉన్నవన్నియు అవే వచ్చునులే యమ్మా" యంటిమి.

ఇట్లనుటకు మాకొక ఆధారము లేకపోలేదు. మేక్‌ఫైలులో మూలముల పేర్లను ఒక్కొక్కటిగ వ్రాయుటకు బద్ధకించి, మేము నక్షత్రపు గుర్తొకటి పెట్టియుంటిమి. 'ఈ ఫోల్డరులో నున్న సీ భాషా మూలములన్నియు' అని దాని యర్థము. కావున క్రొత్త ఫైలు ఎవరును పిలువకయే వచ్చి కూర్పులో చేరెను; దాని పని అది చక్కగా చేసెను. కాని పాట్‌ఫైల్స్ పట్టికలో నక్షత్రము చెల్లదు. పేరు పేరున వ్రాయవలయును. అది మేము వ్రాయలేదు. అందుచే ఆ ఫైలులోని మాటలు అనువాదమునకు రానేలేదు. పనిలో చేర్చుకొంటిమి, పేరు మాత్రము వ్రాసికొనలేదు.

ఒక సాయంకాలము పెద్దమ్మ ఒక్క పద్దును కొట్టివేయబోయి నెల మీద నొక్కెను. తెఱమీద నొక ప్రశ్న వచ్చెను. ఈ నెల లెక్కయంతయు చెఱిగిపోవును, మరల రాదు, సమ్మతమేనా యని అది యడిగెను. అడిగినది ఇంగ్లీషున. అంతవఱకు ప్రతి ప్రశ్నయు తెలుగున వచ్చుచుండగా, ఇదియు నట్టిదే యనుకొని ఆమె ఎప్పటివలె కుడివైపు బొత్తాము నొక్కెను. పదుగురు స్త్రీల నెల లెక్క నిమిషములో మాయమయ్యెను.

ఆమె కంప్యూటరు నేర్చియు కాగితపు పుస్తకమును విడువలేదు గనుక సంఘము నష్టపోలేదు. ఆ రాత్రి ఆమెయు మా మేనకోడలును కూర్చుండి పద్దులన్నిటిని తిరిగి ఎక్కించిరి. కారణము మేము విప్పి చెప్పగా ఆమె కొంత తడవు మాటలాడక, "మంచిమాటలన్నీ తెలుగులో చెప్పి, ముంచేమాట మాత్రం ఇంగిలీసులో చెప్పిందే!" యనెను.

ఈ మాట మా కంప్యూటరును గుఱించి మాత్రమే చెప్పినది కాదు. నోటుమీద వేలిముద్ర వేయించుకొను షావుకారు తియ్యని మాటలన్నియు తెలుగుననే చెప్పును. వడ్డిమీద వడ్డి సంగతి మాత్రము కాగితముననే యుండును. ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ముందు చేవ్రాలు చేయవలసిన సమ్మతిపత్రమును ఆసాంతము చదివి యర్థము చేసికొన్న కుటుంబములు మనలో నెన్ని? హాని కలిగించు వాక్యమే తల్లిభాషలో మొదట రావలసిన వాక్యము. అనువాదకులు తియ్యని మాటలతో మొదలుపెట్టి, ఈ వాక్యములను చివరికి విడుచుట మహాపరాధము.

ఇక నక్షత్రము సంగతి. పేర్లన్నియు వ్రాయుట శ్రమ గదా, నక్షత్రము పెట్టినచో ఎవరిని మఱచు భయముండదు గదా యని వాదించువారు గలరు. ఆ వాదము పూర్తిగ త్రోసివేయదగినది గాదు. చిన్న పనులలో దాని వలన సౌకర్యము కలదు. అయినను నక్షత్రమునకు వివేకము లేదు. పాత ఫైలు నకలొకటి అదే ఫోల్డరులో పడియున్నచో దానిని గూడ పనిలోనికి లాగును. ఒకే పేరుగల పనులు రెండేసి కలుగగా లింకరు మొండికెత్తును. సీమేక్ అను మఱియొక ప్రసిద్ధ కూర్పు సాధనమును నడపువారు, మూలములను ఇట్లు గంపగుత్తగ నెత్తుకొనుట మంచిది కాదని తమ గ్రంథముననే వ్రాసియున్నారు. క్రొత్త ఫైలు వచ్చినను పట్టికలో ఏమియు మాఱదు గనుక, పట్టికను మరల చదువవలెనని సాధనమునకు తెలియదని వారు చెప్పు కారణము. మా విషయమున జరిగినదియు నిదియే. మేము పేర్లే వ్రాసియుండినచో, క్రొత్త ఫైలు పేరు చేర్చనిదే కూర్పు సాగకపోయెడిది, లింకరు కేకవేసెడిది, ఆ యలజడిలో రెండవ పట్టికయు మాకు జ్ఞప్తికి వచ్చెడిది. నక్షత్రము ఆ కేకను మ్రింగివేసినది.

మన యిండ్లలో నీ నక్షత్రము లేదా? శుభలేఖపై 'సకుటుంబ సపరివారముగ' అని వ్రాసి పంపుదుము. ఇంటియజమాని పేరొక్కటి పైన నుండును. తక్కినవారందఱు నక్షత్రము క్రిందివారు. వారు వచ్చి వంట చేయుదురు, వడ్డింతురు, విస్తళ్లెత్తుదురు. పని జరుగుచునే యుండును గనుక ఎవరి పేరు లేదో యడుగు అవసరము ఎవరికిని రాదు. పేరులేని లోపము పనిలో కనబడదు. హక్కు వచ్చిన నాడు కనబడును. పొలము పాసుపుస్తకమునందో, బ్యాంకు ఖాతాయందో, తండ్రి ఆస్తి పంపకమునందో కనబడును. 2013వ సంవత్సరపు జాతీయ ఆహారభద్రతా చట్టము, రేషను కార్డునందు పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీలలో పెద్దయైన యామెను కుటుంబ పెద్దగ వ్రాయవలెనని విధించినది. బియ్యము గింజ ఎక్కువైనది కాదు, పేరు పట్టికకెక్కినది. అది చిన్న మార్పు గాదు.

అయినచో ప్రతి పట్టికలోను ప్రతివారును ఉండవలెనా? అక్కఱలేదు. అనువాదము నవసరము లేని మూలములుండును. పరీక్షకై వ్రాసిన ఫైళ్లుండును. ఇట్టివానికై కొందఱు వేఱొక పట్టిక నుంతురు. దాని పేరు పాట్‌ఫైల్స్ స్కిప్, అనగా తెలిసి విడిచినవాని పట్టిక. ఇంటల్‌టూల్ అను సాధనమున నొక సదుపాయము కలదు. అనువదింపదగిన మాటలుండియు మొదటి పట్టికలో గాని, విడిచినవాని పట్టికలో గాని లేని ఫైళ్లను వెదకి అది మన ముందుంచును. ఉన్నవారు, తెలిసి విడిచినవారు, ఈ రెండును గాక మఱువబడినవారు: ఈ మూడు వర్గములను వేఱుచేయుట ఎంత గొప్ప ధర్మము! మా ఊరి గర్భాలయమున హనుమంతుడు రెండవ వర్గమువాడు; ఆయన లేమికి కారణము ఊరివారందఱి నోట నున్నది. మా మేనకోడలి ఫైలు మూడవ వర్గమునది. మన సంఘమున మూడవ వర్గమువారెందఱో లెక్కించు సాధనమును ఇంకను ఎవరును చేయలేదు, మనమే చేయవలయును.

పట్టికలును ఆచారముల వంటివే. తప్పును తొలినాడే దిద్దనిచో ముదిరిపోవును. మేక్‌ఫైలులో ఆజ్ఞలు వ్రాయు పంక్తికి ముందు ట్యాబను నొక ప్రత్యేకపు ఖాళీ యుండవలయును. మామూలు ఖాళీలు పెట్టినచో సాధనము ఒప్పుకొనదు; కంటికి రెండును ఒక్కటిగనే కనబడును. ఇది బాగులేదని ఫెల్డ్‌మన్‌కు కొలది వారములలోనే తెలిసెను. కాని అప్పటికే డజనుమంది స్నేహితులు దానిని వాడుచుండిరి; వారిని చిక్కుపెట్టనేల యని విడిచెను. ఆ డజనుమంది మొగమోటమికై నేటికిని లోకములోని క్రొత్తవారందఱు ఆ కంటికి కానరాని ఖాళీ వద్ద తడబడుచున్నారు. మా సంఘమున నున్నది పదుగురే. ఇప్పుడే దిద్దవలెనని నిశ్చయించితిమి. నక్షత్రమును తీసివేసి మూలముల పేర్లన్నియు వ్రాసితిమి. విడిచినవానికి ఎదుట, ఏల విడిచితిమో తెలుగున నొక పంక్తి వ్రాసితిమి. క్రొత్త ఫైలును పాట్‌ఫైల్స్ పట్టికలో చేర్చితిమి. ముంచేమాట తెలుగున వచ్చెను.

అంతయు ముగిసినదనుకొని, ఆ సాయంకాలము పెద్దమ్మకు ప్రోగ్రాము నంతయు తెఱచి చూపితిమి. తుదిని 'ఈ ప్రోగ్రామును గుఱించి' యను కిటికీ యొకటి కలదు. అందు మూలకర్తల పేర్లును, వాని క్రింద తెలుగు చేసినవారమని మా పేరును ఉండెను. ఆ పట్టికను వ్రాసినదియు మేమే. పెద్దమ్మ కన్నులు దగ్గఱగా బెట్టి, కూడికలు చూచినట్లు పైనుండి క్రిందికి ఒక్కొక్క పేరే చదివెను. చదివి మా వంక తిరిగి అడిగెను: "చేసింది పాప గదా నాయనా. పాప పేరేదీ?"

మా వద్ద కారణము లేదు. గూట నున్న పాత పట్టిక క్రింద మా పేరు వ్రాసికొన్ననాడు ఆమె పేరు తోచలేదు, అంతే. ఆమె మా యింటనే యున్నది. పని చేయుచునే యున్నది. పెద్దమ్మ యడుగు వఱకు ఆ లేమి మాకు లేమిగ కనబడనే లేదు. మా మేనకోడలు తలవంచుకొని, "పోనీలే జేజీ" యనెను. ఆ "పోనీలే" యను మాటతో మన యిండ్లలో నెన్ని పేర్లు పోయినవో!

ఆ రాత్రియే ఆమె పేరు చేర్చితిమి. మా పేరునకు పైన చేర్చితిమి. చదువరులును తమ యింటిలోని పట్టికలను, అవి కంప్యూటరులో నున్నను, ఇనుపపెట్టెలో నున్నను, ఒకమాఱు తెఱచి పేరు పేరున చదువుదురు గాక.